సలవకెయ్యమంటే

భావనపాడు,
14 సెప్టెంబరు 2016

బావా,

నువ్వు వెళ్ళి నెల దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అత్త మోకాలి నొప్పి ఒక్కటే తగ్గలేదు. అక్కడ నీ సంగతి ఏమిటో నువ్వే రాయాలి.

ఫోను ఉండగా జాబు రాస్తోందేమిటి, దీనికి పిచ్చా అనుకుంటావు. అత్త ఫోను సంగతి నీకు తెలుసు కదా, చేపల బుట్టలో పడి ఉప్పునీళ్ళు తాగింది. చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్క ముక్క వినబడదు. స్పీకరు నొక్కితే మాత్రం వీధి చివర అప్పలసూరి టీ బడ్డీ దాకా వినబడుతుంది. మొన్న నువ్వు ఎవరి ఫోను నుంచో చేసినప్పుడు "నిద్ర పడతన్నాదా బావా?" అని అడిగానా, మర్నాడు అప్పలసూరి టీ వడకడుతూ "మీ ఆయనకి నిద్ర పడతన్నాదటమ్మా?" అని నన్నే అడిగాడు. సిగ్గుతో చచ్చాననుకో. పెళ్ళయి ఏడాది కాలేదు, మన మాటలు మనకే ఉండాలా వద్దా? నీ ఫోను సముద్రంలో పడిపోయిందన్నావు. అందుకే నువ్విచ్చిన ప్రకాష్ గది చిరునామాకి రాస్తున్నాను. అక్కడే ఏదో బట్టల షెడ్డులో పనిచేస్తున్నాడట కదా. వాళ్ళ చెల్లెలు రూబీ, నేను నౌపడలో ఎలీసమ్మ టీచర్ దగ్గర కుట్టు నేర్చుకున్నాం. రూబీయే చెప్పింది.

నిద్ర సంగతి ఊరికే అడగలేదు. నీతో వేటకొచ్చే ఎర్రన్న వలతాడుకి చిక్కుకుని నీ కళ్ళ ముందే పోయిన దగ్గర్నుంచి నువ్వు నిద్రలో "తాడు, తాడు" అని లేచేవాడివి. నేను ఎవరికీ చెప్పలేదు. నాన్న మాత్రం రేవులో కనబడ్డవాళ్ళందరికీ ఒకటే పాట, "వచ్చే ఏడు మా అల్లుణ్ణి తండేలుని చేసి బోటు ఆడి సేతికిచ్చేస్తాను" అని. నువ్వు బోటుకి పెద్దవై నడుపుతుంటే తను ఒడ్డున కూర్చుని చూడాలట.

ఇంకో మాట. నేను కుట్టిచ్చిన తెల్ల చొక్కా బోటు మీద వేసుకోకు. కాలరుకి గొలుసుకుట్టు, జేబు మీద ఎర్రపూలు, అంత ఓపిగ్గా కుట్టింది చేపల జిగురు పుయ్యడానికి కాదు. ఎలా ఉతుకుతున్నావు? బండకేసి బాదావో, నేనక్కడికొచ్చి నిన్ను బాదుతాను.

నీ
తులసి

*

వెరావల్,
29 సెప్టెంబరు 2016

ఒసే తులసీ,

నీ జాబు అందింది. ప్రకాష్ గాడు కవరు నా చేతికిచ్చే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని "మీ ఆవిడ ఎండుచేపల మీద పెట్టి రాసిందేటిరా?" అన్నాడు. వాడి మాటకేం గానీ, ఆ వాసనకి నాకు ఇల్లు గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

నేను బాగున్నాను. వేట బాగుంది. చందువలు పడుతున్నాయి. సముద్రం కూడా బాగుంది. బోటు బాగుంది. ఇంకేం రాయాలో తెలియడం లేదు, మనది ఎనిమిదో తరగతితో ఆపేసిన చదువు కదా. నిద్ర పడుతోంది, ఆ దిగులు పెట్టుకోకు. మావకి నా దండాలు చెప్పు. తండేలు మాట ఇప్పుడే అందరితో అనొద్దని కూడా చెప్పు. తొందరేముంది.

నీ చొక్కా ఆదివారాలు వేసుకుంటున్నాను. మొదటిసారి వేసుకున్న రోజున మావాళ్ళు "పెళ్ళికొడకా, పెళ్ళికొడకా" అని చంపేశారు. నాకు మాత్రం గర్వంగానే ఉంది.

ఉతకడం గురించి నువ్వే అడిగావు కాబట్టి నేనూ అడుగుతున్నాను. ఇక్కడ ఒక స్నేహితుడి చొక్కా ఉంది. దానికి గుండెల మీద అద్దాలు కుట్టి ఉన్నాయి. కుట్టడానికి ముందు గీసుకున్న నీలం గీతలు పూలకింద అలాగే కనబడుతున్నాయి, రంగులో కలిపిన కిరసనాయిలు వాసన కూడా వస్తోంది. ఆ గీతలు పోయి, పూలు పోకుండా ఎలా ఉతకాలి? అద్దం ఊడకుండా ఎలా పిండాలి? పాపం వాడు అడుగుతున్నాడు. వాడికి రాయడం రాదు.

తొందరగా రాయి.

యుగంధర్

*

భావనపాడు,
17 అక్టోబరు 2016

బావా,

నీ స్నేహితుడికి ఎంత అదృష్టం! నేను అడిగినవాటికి నాలుగు ముక్కలు రాసి, అతని చొక్కాకి సగం కాగితం రాశావు. బోటులో అద్దాల చొక్కా వేసుకుని వేటకొచ్చే ఆ మహానుభావుడెవరో నాకూ చూడాలనే ఉంది. చేపలు అద్దంలో మొహం చూసుకుని వలలో పడతాయేమో.

సరే, చెప్తాను. నాకు కుట్టడం తెలుసు గానీ ఉతకడంలో నా గురువు కూర్మమ్మత్త. ఊళ్ళో పెళ్ళి పట్టుబట్టలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి కదా. నీ జాబు ఆమెకి చదివి వినిపించాను (నా సంగతులున్న ముక్కలు కాదులే). ఆమె "ముందు ఆ నీలం గీతల్ని రుద్దకని సెప్పు. రుద్దితే గుడ్డలోకి ఎల్లిపోతాయి" అంది.

చొక్కాని తిరగేసి, లోపలి వైపు పైకి వచ్చేట్టు, చల్లని నీళ్ళలో ఊరికే నానబెట్టమను. గీతల్లో సగం దానంతటదే వదిలేస్తుంది. కిరసనాయిలు వాసనకి కుంకుడుకాయల రసం. దుకాణంలో సబ్బుపొడి వద్దు. కాయలు రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి, గుడ్డలో వడకట్టాలి. తొక్కముక్క ఒక్కటి మిగిలినా దారంలో ఇరుక్కుంటుంది. ఆ నురుగులో చొక్కాని పైకీ కిందికీ ఎత్తి దించడమే, పిసకడం లేదు. పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు పోయాలి.

అద్దాలున్న చొక్కాని అసలు పిండకూడదు. పొడి తువ్వాలు పరిచి, దాని మీద చొక్కా పెట్టి, చాపలా చుట్టి, అరచేత్తో నొక్కితే నీరు తువ్వాలు తాగేస్తుంది. దండెం మీద వెయ్యొద్దు, అద్దాల బరువుకి గుడ్డ సాగిపోతుంది. పరిచి ఆరబెట్టాలి. ఇస్త్రీ కూడా తిరగేసే, కింద మెత్తటి దుప్పటి మడతలు వేసుకుని.

ఇవన్నీ నీ స్నేహితుడికి అర్థమయ్యేట్టు చదివి చెప్పు. అర్థం కాకపోతే మళ్ళీ రాయమను. ఎన్నిసార్లయినా రాస్తాను.

నువ్వు మాత్రం వేళకి తిను. చేతులు జాగ్రత్త.

తులసి

*

వెరావల్,
21 డిసెంబరు 2016

తులసీ,

నువ్వు చెప్పినట్టే చేశాను, అంటే వాడు చేశాడు. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! నీలం గీత ఒక్కటి లేదు. తువ్వాల్లో చుట్టి నొక్కాక విప్పి చూస్తే అద్దాలు తళతళమన్నాయి. ఒక్కొక్క దాంట్లో నా మొహం చిన్నచిన్నగా కనబడింది. ప్రకాష్ గాడు చూసి "ఒరే, నీ సేతిలో ఏదో ఉన్నాదిరా" అన్నాడు. నా చెయ్యి అంత సుతారంగా పనిచేస్తుందని నాకే తెలియదు తులసీ. చిన్నప్పట్నుంచి ఈ చేతులతో తాడు లాగడమే కదా. ఇప్పుడు వేళ్ళ చివర్లు నాని తెల్లబడి, తోలు ఊడి కొత్త తోలు వస్తోంది. సముద్రం నీళ్ళు కదా, అందుకు.

ఒక్కో ఊరి కుట్టు ఒక్కోలా ఉంటుంది. కొందరు దారం బిగించి లాగుతారు, తడిస్తే గుడ్డ ముడుచుకుపోతుంది. కొందరు వదులుగా వేస్తారు. ఒక చొక్కా చంక దగ్గర ఎవరో ఆవిడ ఎవరికీ కనబడకుండా ఒక చిన్న పిట్టని కుట్టింది. అలాంటివి చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎర్రదారంతో చిక్కు వచ్చింది. తెల్లగుడ్డ మీద ముదురు ఎర్రదారం. తడిపితే నీళ్ళు పలచటి ఎరుపుకి తిరుగుతున్నాయి. వీటిని దేంట్లో నానబెట్టాలి, ఎలా ఆరబెట్టాలి? కూర్మమ్మత్తని అడిగి వెంటనే రాయి. చాలా ఉన్నాయి.

సంక్రాంతికి రాలేను. ఇక్కడ పని వదలడానికి లేదు. అమ్మకి నచ్చచెప్పు. మావ ఎలా ఉన్నాడు? నా గురించి అడుగుతున్నాడా?

నీ బావ

*

భావనపాడు,
9 జనవరి 2017

బావా,

పోస్టు జవాను వీధిలో ఉన్నాడు, సంచి మూసేలోపు ఇవ్వాలి, అందుకే నాలుగే ముక్కలు.

ఎర్రదారం చొక్కాల్ని వేరే చొక్కాలతో కలపకు. నీళ్ళలో మన నౌపడ ఉప్పులాంటి కల్లుప్పు చారెడు వేసి కరిగించి, అందులో కాసేపు ఉంచు. రంగు కట్టుబడుతుంది. ఎక్కువసేపు నానకూడదు. వెంటనే జాడించు. ఎండ తగలనివ్వకు. సలవకెయ్యి.

నాన్న బాగున్నాడు. రోజూ అడుగుతున్నాడు. అత్త నీ వాటా అరిసెలు డబ్బాలో పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. నువ్వు లేని పండగ నాకేం బాగుంటుంది చెప్పు.

తులసి

*

వెరావల్,
1 మార్చి 2017

తులసీ,

ఈ జాబు నాలుగుసార్లు రాసి చించేశాను. ఈసారి ఏం వస్తే అది రాసి పోస్టులో వేసేస్తాను.

నీకు అబద్ధం చెప్పాను. ఆ చొక్కా స్నేహితుడిది కాదు. ఒక్క చొక్కా కూడా కాదు. నేను బోటు మీద లేను. ఆగస్టులో మొదటి వేటకి వెళ్ళినప్పుడే, వల లాగే వేళకి తాడు పట్టుకోమంటే నా చేతులు బిగుసుకుపోయాయి. వేళ్ళు ముడుచుకోలేదు. ఎర్రన్న చెయ్యి కనబడింది. తండేలు తిట్టాడా అంటే తిట్టలేదు, నా భుజం మీద చెయ్యి వేసి "దిగిపోరా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి ప్రకాష్ పనిచేసే షెడ్డులోనే ఉంటున్నాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి దగ్గర కుట్టిన చొక్కాలు ఇక్కడికి వస్తాయి. వాటికి గీతలు, చేతి మురికి పోగొట్టి, ఇస్త్రీ చేసి దుకాణాలకి పంపుతారు. ఉతికేది నేను.

గంగులు తండేలు కూతుర్ని చేసుకున్నవాడు ఊరివాళ్ళ చొక్కాలు ఉతుకుతున్నాడని రేవులో అంటే మావ తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఆ మాట తల్చుకుంటే నాకు ఊళ్ళోకి రావాలని లేదు.

అయినా పని బాగానే సాగింది, నీ జాబుల పుణ్యమా అని. ఆ ఎర్రదారం చొక్కాలు వచ్చేదాకా. నువ్వు సలవకెయ్యమన్నావు. నాకు తెలిసిన సలవ మా అమ్మ అనే సలవే, మన కూర్మమ్మత్త చేసేది. బానలో నీళ్ళు మరగబెట్టి, చాకలి సోడా వేసి, బట్టలు ఉడికించి, గంజి పెట్టి ఆరేస్తుందే, అది. ఎండ వద్దన్నావు, ఉడకబెట్టమన్నావు కాబోలు అనుకున్నాను. ఒక మూటకి మూట బానలో వేశాను. కర్రతో తిప్పుతుంటే నీళ్ళు కుంకం నీళ్ళయిపోయాయి. తీసి చూస్తే ఒక్కటీ తెల్లగా లేదు. మచ్చలు మచ్చలుగా గులాబీ రంగు. పూల దారం పాలిపోయింది. నేల మీద కూర్చుండిపోయాను తులసీ. ఎవరో ఆడవాళ్ళు నెలల తరబడి కుట్టినవి.

షెడ్డు పెద్దాయన రేపట్నుంచి రావద్దన్నాడు. ఆయన తప్పేం లేదు. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని ఎక్కడ పని అడగను? పాత బోటు తండేలుని బతిమాలాను. హోళీ వెళ్ళిన మర్నాడు బోటు బయలుదేరుతుంది, నేనూ ఎక్కుతున్నాను. చేతులు వింటే వింటాయి, లేకపోతే లేదు. కనీసం సముద్రం మీద ఉన్నాడని మావ అనుకోవచ్చు.

నిన్ను ఏమీ అననులే. నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు, అంతే. నన్ను క్షమించు.

యుగంధర్

*

భావనపాడు,
16 మార్చి 2017

బావా,

నువ్వు పొడి నేల మీద ఉన్నావని తెలిశాక కాస్త కుదురుగా కూర్చుని రాస్తున్నాను. మొన్న నీ జాబు చదివినప్పుడు అక్షరాలు అలుక్కుపోయాయి.

ముందు నన్ను తిట్టు. నాకు అక్టోబరు నుంచే తెలుసు. ప్రకాష్ తన చెల్లెలికి చెప్పాడు, రూబీ నాకు చెప్పింది. ఒక్క చొక్కాకి అన్ని జాగ్రత్తలు ఎవరైనా రాస్తారా? నీకు పని బాగా రావాలని కూర్మమ్మత్త ప్రాణం తీసి, అడిగి అడిగి రాశాను. నీ నోటితో నువ్వే చెప్తావని చూశాను. నేను ముందే "తెలుసు బావా" అని ఒక్క ముక్క రాసి ఉంటే నీకింత భారం ఉండేది కాదు. ఆ ఎర్రదారం చొక్కాల పాపం కూడా నాదే. ఎలీసమ్మ టీచర్‌ది బొబ్బిలి. ఆవిడ నోట సలవ అంటే నీడ పట్టు. "సలవకెయ్యండే పిల్లలూ" అంటే మేం బట్టలు వసారాలో వేసేవాళ్ళం. అదే మాట నా నోటికి అంటుకుంది. మనింట్లో సలవంటే ఉడకబెట్టడమని తెలిసీ, తొందరలో రాసేశాను. నీడలో ఆరెయ్యమన్నాను బావా. అంతే అన్నాను.

ఫోనులో నీకు వినబడినది కొంతే. ఇక్కడ ఏం జరిగిందో చెప్తాను విను.

జాబు చదివి రేవుకి పరిగెత్తాను. అత్త ఎండుచేపలు తిరగేస్తోంది. ఫోను ఆమె నడుం సంచిలో ఉంది. సిగ్నలు కూడా రేవులో ఆ ఇసక దిబ్బ మీదే బాగా వస్తుంది కదా. చుట్టూ ఆడవాళ్ళు. పక్కనే మగవాళ్ళు వల బాగుచేసుకుంటున్నారు, వాళ్ళలో నాన్న. అప్పలసూరి టీ కెటిలు పట్టుకుని అక్కడే తిరుగుతున్నాడు. స్పీకరు నొక్కితే ఊరంతటికీ తెలిసిపోతుందని నాకు తెలుసు. నువ్వు అన్ని నెలలు దాచుకున్నది నా చేత్తో నేనే బయటపెట్టాలి. కానీ నువ్వు బోటెక్కుతున్నావు.

"అత్తా, ఫోనియ్యి" అన్నాను.

"ఎవులికే?"

"నీ కొడుకుని బోటెక్కకుండా ఆపాల."

అత్త సంచి విప్పి ఫోను నా చేతిలో పెట్టింది. రూబీ ఇచ్చిన ప్రకాష్ నంబరు నొక్కాను. ప్రకాష్ "ఇప్పుడే జెట్టీ కాడికి ఎల్లాడు, బోటుకి ఐసు ఎక్కిస్తన్నారు" అన్నాడు. "పరిగెట్టరా పెకాషూ, ఆడి కాలు పట్టుకుని లాగరా!" అని అత్త అరిచిన అరుపుకి కాకులన్నీ లేచిపోయాయి. అతను పరిగెడుతున్న చప్పుడు, రొప్పు, ఇంజన్ల మోత, అన్నీ దిబ్బంతా వినబడ్డాయి. తర్వాత నీ గొంతు. "తులసీ" అన్నావు, అంతే. నేనేమన్నానో నాకు సరిగా గుర్తు లేదు. "ఎర్రదారం ఉడికిపోతే పోయింది, బట్టలుతుక్కో బావా, ఎవరి బట్టలైనా ఉతుక్కో, బోటెక్కకు" అన్నానట. ఏడుస్తూ అన్నానట. నువ్వు "ఎక్కనులే" అన్నావు. ఫోను కట్టయింది.

అప్పలసూరికి నాలిక ఊరుకోదు కదా. "ఏటి లక్ష్మణమ్మా, మీవోడు సముద్రం మానీసి సాకిరేవు పెట్టాడేటి?" అన్నాడు.

అత్త లేచింది. ఆ మోకాళ్ళతో అంత తొందరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "ఒరే అప్పలసూరీ, నా కొడుకు ఉప్పునీళ్ళలో ఉంటే నీకేటి, సబ్బునీళ్ళలో ఉంటే నీకేటి? ఆడు బతికున్నాడు. నాకదే సాలు. నువ్వు టీ నీళ్ళలో ఉన్నావని నానేటైనా అన్నానా?" అంది. కూర్మమ్మత్త అక్కడే ఉంది. ఆమె అత్తకంటే గట్టిగా అంది, "నా సేతులు నలబయ్యేళ్ళ కాడ్నించి నీళ్ళలోనే ఉన్నాయి. నాకు లేని సిగ్గు మీకేటర్రా?" అని. తర్వాత నా వైపు తిరిగి, "ఎర్రదారం ఉడకబెట్టీసినాడా? అయ్యో, నా తండ్రి, ఎంత బయపడిపోయుంటాడో" అంది.

నాన్న మాత్రం వల కుట్టే సూది అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు బావా. నీకేం రాయాలో తెలియక నిన్నంతా కాగితం ముట్టుకోలేదు.

ఇవాళ పొద్దున్న నాన్న వచ్చాడు. చంకలో ఒక గుడ్డ మూట. విప్పితే పట్టు చొక్కా, గోధుమ రంగుది. పెళ్ళి నిశ్చయమైన రోజుల్లో అమ్మ ఆయనకి కుట్టి పంపినది, మెడ చుట్టూ పచ్చదారం తీగలతో. బోటుని నీళ్ళలోకి దింపే రోజున తప్ప వేసుకోడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె తప్ప ఎవరూ ఉతకలేదు. ఆమె పోయాక అసలు ఉతకనే లేదు. నేనడిగితే ఇవ్వలేదు, కూర్మమ్మత్త అడిగినా ఇవ్వలేదు. కాలరు నల్లబడిపోయి ఉంది.

"దీన్ని అల్లుడికి పంపు" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఉతకమని సెప్పు. మీ యమ్మ కుట్టు ఊడిపోద్దని ఇన్నాళ్ళూ ఎవులికీ ఇవ్వలేదు. ఆడికి అలాటి పని వచ్చంట కదా. ఆడికిస్తాను." వెళ్ళబోయి గుమ్మంలో ఆగి మళ్ళీ అన్నాడు. "ఎర్రన్నగాడు పోయినకాడ్నుంచి తాడు ముట్టుకుంటే నాకూ బయ్యమేనే తులసీ. నాను సెప్పను. ఆడూ సెప్పలేదు. ఆడికి సెప్పు, మావకీ బయ్యమేనని."

ఆ మాట మీద నేను ఏడుస్తుంటే, "ఏడుపెందుకే, పోస్టు సంచి ఎల్లిపోద్ది" అని కసిరాడు.

చొక్కా ఈ జాబుతోనే పంపుతున్నాను. ఉతికి పోస్టులో తిరిగి పంపమన్నాడు. ఇక పాడైన చొక్కాల సంగతి. కూర్మమ్మత్త చెప్పింది, వాటికి ఇస్త్రీ తగిలించకూడదట, వేడికి మచ్చ పాతుకుపోతుందట. ముందు చల్లని కుంకుడు నురుగులో రోజూ కాసేపు ఉంచి జాడించాలట. దిగినంత దిగుతుంది. దిగనివాటికి చొక్కా మొత్తం అదే గులాబీ రంగులో ముంచెయ్యమంది. పాలిపోయిన పూల మీద మళ్ళీ కుట్టు వెయ్యాల్సి వస్తే నాకు పంపించు, నేను కుడతాను. షెడ్డు పెద్దాయన కాళ్ళు పట్టుకునైనా ఈ ఒక్క అవకాశం అడుగు.

నీ చేతులు బిగుసుకుపోయినప్పుడు పక్కన నేను లేను. అదొక్కటే నా బాధ.

నీ
తులసి

*

వెరావల్,
10 ఏప్రిల్ 2017

తులసీ,

ఆ రోజు ప్రకాష్ నా చొక్కా పట్టుకుని లాగినప్పుడు నా ఒక కాలు అప్పటికే బోటు మీద ఉంది. నీ ఏడుపు విన్నాక రెండో కాలు లేవలేదు. తండేలు నా సంచి ఒడ్డు మీదకి విసిరేసి "పో, ఇంటికి పో" అని నవ్వాడు.

షెడ్డు పెద్దాయన మొదట వినలేదు. ప్రకాష్ బతిమాలాడు, నేనూ బతిమాలాను. ఎలాగూ పారేసేవే కదా, చేసుకోమన్నాడు. కూర్మమ్మత్త చెప్పినట్టు రోజూ నురుగులో ఉంచాను. కొన్ని తెల్లబడ్డాయి. చాలావాటికి దిగలేదు, గులాబీలో ముంచాను. వాటిని చూసి ఆయన "ఇవీ బాగానే ఉన్నాయే" అన్నాడు గానీ, పూర్తిగా కోపం పోలేదు. పని మాత్రం చేసుకోమన్నాడు. ఏడు చొక్కాలు ఎందుకూ పనికి రాలేదు. వాటిని కుట్టిన ఆడవాళ్ళు ఎవరో తెలుసుకుని, వెళ్ళి చెప్పి వచ్చాను. ఒక ముసలావిడ తిట్టింది. తర్వాత మజ్జిగ ఇచ్చింది.

మావ చొక్కా వచ్చిన రోజున మూట విప్పి మళ్ళీ కట్టేశాను. మావకీ భయమేనన్న ముక్క చదివి బయటికి వెళ్ళి ఏడ్చాను. నాకు ఒక్కడికే అనుకున్నాను తులసీ. ఇన్నాళ్ళూ నాకు ఒక్కడికే అనుకున్నాను.

నిన్న ఉతికాను. అంతకుముందు పాత పట్టుగుడ్డ ముక్కల మీద పచ్చదారం కుట్టి, తడిపి, రంగు దిగుతుందో లేదో చూసుకున్నాను. నా కుట్టు చూస్తే నువ్వు నవ్వుతావు. మావ చొక్కా నీళ్ళలో పెట్టేముందు పోయిన మా అత్తకి, మీ అమ్మకి, మనసులో దండం పెట్టుకున్నాను. కాలరు మురికి ఒక్కసారికి వదల్లేదు. రుద్దలేదు. వేలికొసతో నురుగు రాస్తూ, వదిలేస్తూ, మళ్ళీ రాస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి నీళ్ళు తేటపడ్డాయి. ఒక్క పోగు కదల్లేదు. మెడ వెనక, తీగ చివర, అత్త దారం తెంపకుండా ముడి వేసి లోపలికి దోపింది. ఆ ముడి కూడా అలాగే ఉంది. మావకి చెప్పు.

పోస్టులో పంపమన్నాడు కదా, పంపను. నేనే తెస్తాను. టికెట్టు దొరికింది. ఈ నెల 25, మంగళవారం నాడు నౌపడ స్టేషన్‌లో దిగుతాను. నువ్వు స్టేషనుకి రాకు, ఇంటి దగ్గరే ఉండు. చొక్కా సంచిలో పెడితే కుట్టు నలిగిపోతుంది. అందుకని విప్పి, రెండు చేతుల మీద వేసుకుని, రేవు మీదుగానే నడిచి వస్తాను. టీ బడ్డీ ముందు నుంచే వస్తాను. చూసేవాళ్ళు చూస్తారు. మావ ఎక్కడ కూర్చుని ఉంటే అక్కడికి వెళ్ళి, ఆయన చేతికే ఇస్తాను.

నీ
యుగంధర్